కబురింట మెతుకు

శౌరయ్య తడి గడ్డిని రెండు పాయలు చేసి, కొసను కాలి బొటనవేలి సందున బిగించి, అరచేతుల మధ్య మెలిపెడుతున్నాడు. సాగిన తాడును చుట్ట చుట్టి పక్కన పడేస్తున్నాడు. ఆరిన వరి పనలను మోపులు కట్టడానికి ఆ రోజు చాలా తాళ్లు కావాలి. డిసెంబరు మంచు ఇంకా వీడలేదు. కాలవ గట్టు కనబడటం లేదు. పల్లె చివర, తాతల కాలంలో ఇటలీ ఫాదరు కట్టించిన చిన్న గుడి మీది శిలువ ఒక్కటే, కింద గోడలేమీ లేనట్టు గాలిలో నిలబడి ఉంది.

అతను పొట్టివాడు కాదు, కాని అలా కనిపిస్తాడు. ఎప్పుడూ ఎవరి గుమ్మం ముందో ఒదిగి నిలబడ్డట్టు భుజాలు ముందుకు వంగి ఉంటాయి. పాదాలు మాత్రం ఆ ఒంటివి కావనిపిస్తాయి. వెడల్పుగా, వేళ్లు దేనికవి విడిపోయి ఉంటాయి. మడమల పగుళ్లలో నల్లమట్టి కూరుకుపోయి అక్కడే ఉండిపోయింది. గుణదల మేరీమాత తిరునాళ్లకు వెళ్లినప్పుడు భార్య తెరేసమ్మ కొండ కింద కుళాయి దగ్గర కూర్చోబెట్టి రాయి పెట్టి రుద్దినా ఆ నలుపు వదల్లేదు. ఈ కాళ్లతో మాత మెట్లెక్కుతావా అని ఆవిడ అందరి ముందూ నవ్వితే, నడిచిన కాళ్లే గాని దొంగిలించినవి కావు గదా అన్నాడు శౌరయ్య.

నడవడం కోసమే ఆ ఊరికి అతను కావాలి. కోతలూ కుప్పలూ అందరూ చేస్తారు. కలవలపాడులో చావు కబురు మోసేది అతనొక్కడే. అంతకు ముందు అతని తండ్రి మోశాడు. ఊళ్లో ఎవరు పోయినా, ఏ కులం వాళ్లయినా, పాడెకు వెదురు కొట్టేలోపల శౌరయ్యకు పిలుపు వస్తుంది. ఆ ఇంటి కోడలు ఏ ఊరి పిల్లో, ఆ ఇంటి ఆడపిల్లను ఏ ఊరికి ఇచ్చారో అతనికి చెప్పక్కర్లేదు. తలగుడ్డ చుట్టుకుని గట్టెక్కుతాడు.

ఆ పనికి తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది. గుమ్మం లోపలికి పోకూడదు. తలగుడ్డ తీసి భుజాన వేసుకోవాలి. పోయారన్న మాట నోట్లోంచి రాకూడదు. ఫలానావారికి ఒంట్లో బాగోలేదంట, బయల్దేరి రమ్మన్నారు అనాలి, అంతే. ఆ ఇంట మంచినీళ్లు తాగకూడదు, మెతుకు ముట్టకూడదు, కూర్చోమన్నా కూర్చోకూడదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే తండ్రి నడుస్తూనే చెప్పాడు.

"దారిలో తెలుసుకుంటార్రా. బండెక్కి కూర్చున్నాక, ఊరు దగ్గరపడే కొద్దీ వాళ్లంతట వాళ్లకే తెలుస్తది. మనం చెప్పామంటే అక్కడే కూలబడతారు. అక్కడ లేపేదెవరు?"

కలవలపాడు చిన్న ఊరు. ఒక్కటే పెద్ద వీధి, దాని వెనక రెండు సందులు, కాలవకు ఇవతల పల్లె, ఊరి మొదట్లో ధాన్యం మిల్లు. ఎవరైనా రాసి పెట్టుకోవలసినంత గొప్ప సంగతి అక్కడ ఎన్నడూ జరగలేదు. కలరా వచ్చిన ఏడు, చెప్పడానికి వెళ్లిన ఇంట్లోనూ చెప్పించుకునేవాళ్లు లేక తండ్రి తిరిగొచ్చిన రోజు శౌరయ్యకు గుర్తుంది. గాలివాన ఏడు కాలవలో ఈదుతూ వెళ్లి చెప్పిన కబురు గుర్తుంది. అన్నిటికన్నా దగ్గరి కబురు వీధికి అడ్డంగా మోశాడు. పుల్లలు విరుచుకుని ఏళ్ల తరబడి ఎదురెదురు ఇళ్లలో మాటల్లేకుండా బతికిన అన్నదమ్ముల్లో పెద్దవాడు పోతే, ఏడుపు ఇక్కడికి వినపడుతున్నా చిన్నవాడు తలుపు తీయలేదు. పెద్దలు శౌరయ్యను పంపారు. అతను పది అంగల్లో వీధి దాటి, తలగుడ్డ తీసి, మీ అన్నగారికి ఒంట్లో బాగోలేదంటండి, రమ్మన్నారు అన్నాడు. తలుపు తెరుచుకుంది. ఆ మాట కోసమే లోపల నిలబడి ఉన్నాడు ఆ మనిషి.

ఇవన్నీ చేసిన మనిషిని ఊరు తిట్టదు, కొట్టదు. ఎదురుపడితే మాత్రం పక్కకు చూస్తుంది. పెళ్లిళ్లలో అతనికి అందరూ తిన్నాక పెరట్లో వడ్డిస్తారు. అది అవమానమని శౌరయ్య ఎన్నడూ అనుకోలేదు. ఎండా వానా లాగా అదీ ఒకటి.

మంచులోంచి రత్తయ్యగారు వచ్చాడు. ఊళ్లో పెద్ద ఆసామి. ఏదన్నా కావాలంటే పాలేరును పంపడమే గాని ఆయన పల్లెలోకి రావడం శౌరయ్య ఎరగడు. కాళ్లకు చెప్పుల్లేవు. పంచె అంచు మోకాళ్లదాకా తడిసి ఉంది. పొయ్యి దగ్గర కూర్చున్న తెరేసమ్మ లేచి నిలబడి నొసటి మీద శిలువ గుర్తు వేసుకుంది.

ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కోడలు రామతులసి బెజవాడ ఆసుపత్రిలో నిన్న సాయంత్రం ప్రసవించింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. రక్తం ఎక్కించాలి. ఆమెది అంత తేలిగ్గా దొరికే రకం కాదట. మొగుడిదీ మరిదిదీ సరిపడలేదు, తోడబుట్టినవాడిది చూద్దాం, తొందరగా పిలిపించండి అంది డాక్టరమ్మ. తెల్లవారకముందే మిల్లుకు ఫోను చేసి పెద్దకొడుకు ఈ మాట చెప్పాడు. ఆ పిల్ల పుట్టిల్లు ములకలదిబ్బ. అక్కడ ఫోను లేదు.

"వాళ్లన్న వెంకటకృష్ణారావుని తిన్నగా బెజవాడ బస్సెక్కమను. ఇక్కడికి కాదు, బెజవాడ. ఎంత తొందరగా పోతే అంత మంచిది," అన్నాడు.

శౌరయ్య చేతిలోని గడ్డి కింద పెట్టాడు. తెరేసమ్మ అడ్డం వచ్చింది.

"అయ్యా, ఈయన్ని చూస్తే వాళ్లేమనుకుంటారండీ? బతికున్న మనిషి కబురు ఈయన ఎన్నడన్నా మోశాడా? ఇంకెవరినన్నా పంపండయ్యా."

రత్తయ్య ఆమె వంక అర్థంకానట్టు చూశాడు. రాత్రంతా నిద్ర లేని కళ్లు.

"కబురంటే శౌరయ్యే గదే," అన్నాడు.

ఊరంతా కోతల్లో ఉంది. మిల్లు గుమాస్తా సొలొమోనుకు సైకిలుంది గాని, ఆసుపత్రి నుంచి మళ్లీ ఫోను వస్తుందేమోనని అతను అక్కడే కూర్చోవాలి. రత్తయ్యేమో బెజవాడ వెళ్లాలి. ఆయన అంతవరకే ఆలోచించాడు, ఇంకా ఆలోచించే ఓపిక ఆయనలో మిగల్లేదు. శౌరయ్య తలగుడ్డ దులిపి చుట్టుకున్నాడు. గుమ్మం దిగి, పుట్టి బుద్ధెరిగాక అడగని మాట ఒకటి అడిగాడు.

"ఏమని చెప్పమంటారండీ?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పరా," అన్నాడు రత్తయ్య.

పెద్ద వీధిలో మంచు పలచబడుతోంది. మూడో ఇంటి అరుగు మీద మాణిక్యమ్మగారు దుప్పటి కప్పుకుని కూర్చుని పళ్లు తోముకుంటోంది. ఊళ్లో అందరికన్నా పెద్ద వయసు ఆవిడది. శౌరయ్యను చూసి దారి తప్పించని మనిషి ఆవిడొక్కతే.

"నా గురించేనా, ఒరే శౌరీ? ఇంకా ఉన్నాన్లే, వెనక్కి పో."

"మీ కబురు నాకు శ్రమేముందండీ. మీవాళ్లంతా ఈ వీధిలోనే ఉన్నారు గదా."

"అయితే నీకు నడక మిగిల్చి పోతాన్లే," అని ఆవిడ ఉమ్మేసి, అతని మొహం చూసి నవ్వు ఆపింది. ఎవరని అడగలేదు.

మిల్లు ముందు సొలొమోను నల్లటి ఫోను పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తెరేసమ్మ అక్క కొడుకు, పల్లెలో ఇంటరు చదివిన మొదటివాడు. నీ పని ఈ ఫోను తినేస్తది బాబాయ్ అని ఎప్పుడూ ఎకసెక్కం చేసేవాడు, ఈవేళ చెయ్యెత్తి ఊరుకున్నాడు.

గట్టు మీద శౌరయ్య వేగం పెంచాడు. ఎడమ పక్క కాలవ, కుడి పక్క కోసిన చేలు. వంగి పనలు తిప్పుతున్న ఆడవాళ్లు అతన్ని చూసి ఒకరి తర్వాత ఒకరు నడుం ఎత్తారు. గట్టు మీద అలా నడిచే మనిషిని అడగవలసింది ఒక్కటే ప్రశ్న.

"ఎవరు?"

"ఎవరూ కాదమ్మా."

"ఏ ఇంట్లో?"

"ఎవరూ పోలేదమ్మా, బతికే ఉన్నారు."

ఒకామె కొడవలి కింద పెట్టి చేతులు జోడించింది. శౌరయ్య కొంతదూరం పోయాక వెనక నుంచి, పాపం పడుచు మనిషేమో, నోట రావట్లేదు అన్న మాట వినిపించింది. అతను ఆగి వెనక్కి తిరిగాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ నడిచాడు. అప్పటికి గాని తెరేసమ్మ అన్న మాట అతనికి బుర్రకెక్కలేదు.

దారంతా మాటలు కూర్చుకున్నాడు. ముందు బిడ్డ పుట్టిందని చెప్పాలి. తర్వాత తల్లి బతికి ఉందని. తర్వాత రక్తం, తర్వాత బస్సు. తలగుడ్డ తియ్యకూడదు. కాస్త నవ్వాలి. కాలవ వంకర తిరిగిన చోట ఎవరూ లేకుండా చూసి ఒకసారి నవ్వి చూసుకున్నాడు. దవడలు మొండికేశాయి.

ములకలదిబ్బకు చేరేసరికి ఎండ బాగా కాస్తోంది. వెంకటకృష్ణారావు ఇల్లు బస్సురోడ్డు పక్కనే. ముందు వాకిలి, చెక్క గేటు, గేటుదాకా సాగిన ఎత్తు అరుగు. వాకిట్లో ఇటుకల పొయ్యి మీద తల్లి సుబ్బరత్నం వెన్న కాస్తోంది. కూతురి పురిటికోసం రోజూ తీసి దాచిన వెన్న. కాగుతున్న నెయ్యిలో తమలపాకు వేసి, అది చిటపటలాడటం ఆగిందో లేదో చెవి వంచి వింటోంది. తల ఎత్తేసరికి గేటు అవతల శౌరయ్య ఉన్నాడు.

కూతురి అత్తవారింటి నుంచి అతను ఆ గేటు దగ్గరకు ఇంతకు ముందొకసారి వచ్చాడు, రత్తయ్య తల్లి పోయినప్పుడు. ఆ మొహం ఆవిడ మరచిపోలేదు. గరిటె చేతిలోనే ఉంది. అతను కూర్చుకున్న మాటలన్నీ ఆ చూపు ముందు వరస తప్పాయి.

"అమ్మా, రామతులసమ్మగారు బతికే ఉన్నారండి," అన్నాడు.

సుబ్బరత్నం పొయ్యి పక్కన నేలమీద కూర్చుండిపోయింది. ఆవిడ పెట్టిన కేకకు పక్కింటివాళ్లు గోడ మీద నుంచి తొంగి చూశారు. శౌరయ్యను చూశాక వాళ్లకు అడగవలసిన పని లేకపోయింది. కాసేపట్లో వాకిలి నిండిపోయింది. బిడ్డ పుట్టిందండి అన్నాడు శౌరయ్య. అయ్యో, బిడ్డను కనేసి పోయిందా అని ఎవరో గుండెలు బాదుకున్నారు.

కళ్లంలో నుంచి వెంకటకృష్ణారావు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు, జుట్టు నిండా పొట్టు. పాతికేళ్లు దాటిన కుర్రాడు. శౌరయ్య ముందు నిలబడి, ఊపిరి ఆడక, ఒక్కటే అడిగాడు.

"ఎప్పుడు?"

"పోలేదు బాబూ. రక్తం కావాలంట. మీ రక్తం సరిపోద్దంట. తిన్నగా బెజవాడ ఆసుపత్రికి రమ్మన్నారు. బస్సెక్కండి బాబూ."

"సరేలే," అన్నాడు అతను మెల్లగా. "నీ పని నువ్వు చేశావు. ఇంక పో."

శౌరయ్య నిర్ఘాంతపోయాడు. ఆ కళ్లలో దుఃఖమే గాని అనుమానం లేదు. అబద్ధమని అనుకుంటే వాదించవచ్చు. వీళ్లకు అతని మాటలు వినపడటమే లేదు. పోయారని అతను ఏ గుమ్మం ముందూ అనలేదు. గట్టున వచ్చిన మనిషిని చూసే జనం తెలుసుకున్నారు. ఈ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పినా, అదే మనిషి అదే చోట నిలబడి ఉన్నాడు.

వాకిట్లో పనులు వాటంతటవి మొదలయ్యాయి. బండి కట్టమని ఒకరు పురమాయించారు. కలవలపాడుకే తీసుకొస్తారు, అక్కడికే పోదాం అన్నారు ఒకరు. పోయిన ముత్తయిదువకు పుట్టింటి చీరె పెట్టాలి, బజారుకి మనిషిని పంపండి, పసుపుపచ్చది చూడమనండి అంది ఒక పెద్దామె. వెంకటకృష్ణారావు అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. రోడ్డు మీద బస్సొకటి హారను కొట్టుకుంటూ బెజవాడ వైపు వెళ్లిపోయింది. శౌరయ్య దాన్ని చూశాడు. ఇంకో బస్సు ఎప్పుడో అతనికి తెలియదు. చీరె కొనడానికి మనిషి గేటు దాటి వెళ్లబోతున్నాడు.

అప్పుడు శౌరయ్య గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. పొయ్యికి కాస్త ఎడంగా, ఎండలో, నేలమీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, నాకు ఆకలేస్తంది. అన్నం పెట్టండి."

ఏడుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. చీరె కోసం బయల్దేరినవాడు ఆగాడు. పెద్దామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కబురు తెచ్చినవాడు కూర్చోవడం, అన్నం అడగడం ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ చూసి ఎరగరు. వెంకటకృష్ణారావు తల ఎత్తాడు.

సుబ్బరత్నం అతని వంకే చూస్తూ లేచింది. ఎవరినీ పిలవలేదు. తనే పెరట్లోకి వెళ్లి అరిటాకు కోసుకొచ్చి, నీళ్లు చల్లి, అతని ముందు పరిచింది. మామూలుగా పల్లెవాళ్లకు ఎత్తు నుంచి దోసిట్లో పోసే నీళ్లు, ఈవేళ చెంబుతో తెచ్చి చేతికిచ్చింది. పొద్దుటి అన్నం, పప్పు, వంకాయ పచ్చడి. వడ్డిస్తుంటే మెతుకులు ఆకు బయట పడ్డాయి. పొయ్యి మీది గిన్నె దింపి గరిటెడు వేడి నెయ్యి అన్నంలో పోసింది.

శౌరయ్య కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వాకిలంతా అతని నోటినే చూస్తోంది. ముద్ద దిగలేదు. తనకు తెలిసింది తెల్లవారుజాము సంగతి. ఇప్పుడు ఆ పిల్ల ఎలా ఉందో ఎవరికి తెలుసు? ఆ తలపు బయటికి కనబడకూడదని తల వంచుకుని గట్టిగా నమిలి మింగాడు. రెండో ముద్ద పెద్దది చేశాడు. మూడోది నోటిదాకా వచ్చేసరికి అరుగు మీద చప్పుడైంది.

"అమ్మా, నా చొక్కా," అని వెంకటకృష్ణారావు లోపలికి పరుగెత్తాడు.

అదృష్టం కొద్దీ వెనకనే ఇంకో బస్సు వచ్చింది. అతను బొత్తాలు పెట్టుకోకుండానే రోడ్డు మధ్యకి వెళ్లి చేతులు చాపి ఆపాడు. ఎక్కేముందు వెనక్కి తిరిగి శౌరయ్యను చూశాడు. శౌరయ్య ఎడమ చేత్తో పొమ్మన్నట్టు ఊపాడు, కుడి చెయ్యి అన్నంలో ఉంది.

తర్వాత ఆ వాకిట్లో అందరూ కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వారు. చీరె కొనమన్న పెద్దామెను మిగతావాళ్లు ఆటపట్టించారు. నీ నోట్లో మట్టికొట్ట, పసుపుపచ్చదా కావాలి అంది ఒకామె. సుబ్బరత్నం శౌరయ్య ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని మారు వడ్డించింది. కడుపు నిండా తిను నాయనా అంది. ఆ పిలుపు అతను ఏ ఆసామి ఇంట్లోనూ వినలేదు. ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగింది. అడగడం మరిచిపోయానమ్మా అన్నాడు. ఆవిడ కన్నీళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. మగాళ్లకి ఆ మాటే గుర్తుండదు అంది.

అతను చేతులు కడుక్కుని లేచేసరికి ఆవిడ వడగట్టిన నెయ్యి హార్లిక్స్ సీసాలో పోసి, మూత బిగించి, పైన గుడ్డ కట్టి తెచ్చింది. కృష్ణ హడావిడిగా పోయాడు, లేకపోతే వాడి చేతికే ఇద్దును అంది. "వాళ్లింట్లో ఇయ్యి. తులసి రాగానే మొదటి ముద్దలో ఇదే వెయ్యమని చెప్పు. దానికి నెయ్యి లేందే ముద్ద దిగదు."

తిరుగు దారిలో శౌరయ్య తొందరపడలేదు. పొట్ట బరువుగా, హాయిగా ఉంది. సీసా చేతికి వెచ్చగా తగులుతోంది. పొద్దుట చేతులు జోడించిన ఆడవాళ్ల దగ్గర ఆగి, అన్నం తినొచ్చాను చూడండి అని చెప్పాలనుకున్నాడు. ఇంటికి పోయాక తెరేసమ్మకు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాడు. ఈసారి నవ్వు దానంతటదే వస్తోంది.

కాలవ వంకర దగ్గర సొలొమోను ఎదురొచ్చాడు. గట్టు మీద సైకిలును అంత జోరుగా తొక్కరు. దగ్గరికొచ్చి ఒక కాలు కింద మోపి ఆగాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"పోయింది, బాబాయ్," అన్నాడు.

ఆ మాట శౌరయ్య ఎంతోమంది కళ్లలో చూశాడు. ఒక మనిషి నోటి నుంచి తిన్నగా తన మొహం మీదికి రావడం అదే మొదటిసారి. వెనక్కి ఒక అడుగు వేశాడు.

"ఎప్పుడు?"

"నువ్వెళ్లిన కాసేపటికే ఫోనొచ్చింది. రత్తయ్యగారు అప్పటికే బస్సెక్కేశారు. ఆ మాట ఆయనకి కూడా తెలియదు. నన్ను మిల్లు వదిలి పోనిచ్చేసరికి ఈ వేళయింది. వాళ్లన్న వెళ్లాడా?"

శౌరయ్య తల ఊపాడు. తను గేటు దగ్గర నిలబడి బతికే ఉన్నారండి అన్నప్పుడు ఆ పిల్ల లేదు. ఆకు పరిచినప్పుడు లేదు. వాకిలంతా చూస్తుండగా మొదటి ముద్ద మింగినప్పుడు లేదు. ఆ ఇంట మారు కూడా వేయించుకున్నాడు.

శవాన్ని తిన్నగా కలవలపాడు తీసుకొస్తున్నారని, తల్లిని అక్కడికి రమ్మని చెప్పాలని సొలొమోను చెప్పాడు. నువ్వు ఇంటికి పో, నేను చెప్పొస్తాను అని పెడలు మీద కాలు వేశాడు.

"ఏమని చెప్తావు?"

"పోయిందని చెప్తా. ఇంకేమని చెప్పాలి?"

శౌరయ్య సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. నేనే పోతాలే అన్నాడు. వెనక ఎక్కు, దింపుతానంటే వద్దన్నాడు. అతను వచ్చిన దారినే తిరిగి నడవడం మొదలుపెట్టాడు. సొలొమోను సైకిలు నడిపించుకుంటూ చాలా దూరం వెనకే వచ్చి, ఊరు కనబడేచోట ఆగిపోయాడు.

సుబ్బరత్నం వాకిట్లో ఆకు తీసేసిన చోట నీళ్లు చల్లుతోంది. జనం వెళ్లిపోయారు. గేటు దగ్గర నీడ పడితే తల తిప్పకుండానే నవ్వింది.

"ఏం మర్చిపోయావయ్యా?"

చెంబు పట్టుకునే ఇటు తిరిగింది. అతను గేటు బయట నిలబడి ఉన్నాడు. తల మీద గుడ్డ లేదు. ఆవిడ చూపు అతని భుజం మీదికి దిగి, చేతిలోని సీసా దగ్గర ఆగింది. అతను పెదవులు కదిపాడు. తండ్రి నేర్పిన మాటా రాలేదు, సొలొమోను చెప్పిన మాటా రాలేదు. గేటు పక్కనుంచి చెయ్యి చాపి, సీసాను అరుగు చివర పెట్టాడు.

"అన్నం తిన్నావు గదయ్యా," అంది సుబ్బరత్నం.

"తిన్నానమ్మా."

"నా ఎదురుగుండా తిన్నావు గదా."

అందులో నింద లేదు. అర్థం కాక అడుగుతోంది. అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ చేతిలోని చెంబు నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి, మిగిలిన నీళ్లన్నీ కాళ్ల మీద పడుతున్నా ఆవిడకు తెలియలేదు.

వెంకటకృష్ణారావు బెజవాడలో బస్సు దిగి ఆసుపత్రి మెట్లెక్కేసరికి చొక్కా చెయ్యి మోచేతి పైకి మడుచుకునే ఉన్నాడని తర్వాత రత్తయ్య ఎవరితోనో అన్నాడు. శౌరయ్య ఆ రోజు తర్వాత ఎవరి కబురూ మోయలేదు. పిలవడానికి మనుషులు వస్తే లోపల గడ్డితాడు పేనుతూ కూర్చునేవాడు. తెరేసమ్మ గుమ్మంలో నిలబడి, ఆయన లేడండి, సొలొమోను సైకిలుంది గదా, అడగండి అనేది. వాళ్లకు తాడు పేనుతున్న చప్పుడు వినపడేది. వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాళ్లు.

ఆ మధ్యాహ్నం సుబ్బరత్నాన్ని ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని బండెక్కించారు. పొయ్యిలో నిప్పు ఎవరూ ఆర్పలేదు, గేటు ఎవరూ వెయ్యలేదు. అరుగు చివర సీసా అలాగే ఉంది. ఎండ దాని మీద నుంచి గోడకు ఎక్కాక, పలచగా పసుపురంగులో ఉన్న నెయ్యి అడుగు నుంచి కొంచెం కొంచెంగా పూసకట్టి తెల్లబడటం మొదలుపెట్టింది.